అప్పు పుట్టినంత బండియా?

తమిళనాటి వేలూరు, గుడియాత్తము పట్టణములలో ఈనాడు కారు కొనదలచిన మధ్యతరగతి గృహస్థునకు ఇరుగుపొరుగువారును, బంధువులును, కార్లమ్మువారును ఏకకంఠముగా చేయు ఉపదేశ మొక్కటే కలదు: నెలనెలా కట్టవలసిన వాయిదా జీతములో ఇమిడినచో ఆ బండి మనకు అందుబాటులోనిదే యనియు, బ్యాంకువారు కాగితములు పరీక్షించి ఇంత అప్పు మంజూరు చేసిరన్నచో అంతవరకు మనకు శక్తి కలదని వారే నిర్ణయించినట్లనియు. ఈ యభిప్రాయము చదువుకొన్నవారిలో మరింత గాఢముగా పాదుకొన్నది. బెంగుళూరులోనో చెన్నపట్టణములోనో కంప్యూటరు ఉద్యోగము చేయుచు గుడియాత్తములోని తల్లిదండ్రులకొరకు బండి కొనుచున్న యువకుడు మొదలు వేలూరి కళాశాలలో పాఠములు చెప్పు అధ్యాపకుని వరకు దీనిని లెక్క తెలిసినవారి మాటగా చెప్పుచున్నారు. అప్పిచ్చువాడు తన క్షేమముకొరకు వేసికొన్న లెక్కను పుచ్చుకొనువాడు తన లెక్కగా భ్రమించుటయే ఇందలి దోషమనియు, కారుకు ఎంత పెట్టవలెనన్న ప్రశ్నకు జవాబు మనము నిజముగా తిరుగు దారులలోను, బండి వెల పోగా ఇంట మిగులు ధనములోను మాత్రమే దొరకుననియు నిరూపించుటకే ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

షోరూములో జరుగు సంభాషణను శ్రద్ధతో విన్నవారికి ఈ భ్రమ ఎచ్చట పుట్టుచున్నదో తెలియును. వచ్చినవానిని కూర్చుండబెట్టి అచ్చటి ఉద్యోగి ముందుగా అడుగు ప్రశ్న, "నెలకు ఎంతవరకు కట్టుకోగలరు సార్?" అని. బండికి మొత్తము ఎంత పెట్టదలచితిరన్న ప్రశ్న ఆ తరువాతనైనను రాదు. నెలకు 16 వేలన్న మాట చెవిని పడిన క్షణము నుండి కొనువాడు తన యెదుటనున్న పన్నెండు లక్షల వస్తువును పదునారు వేల వస్తువుగా చూడనారంభించును. కొటేషను కాగితమున షోరూము వెల, జీవితపన్ను, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, ఫాస్టాగు, సీటు కవర్లు, కాళ్లక్రింది మ్యాట్లు, ఎక్స్‌టెండెడ్ వారంటీ యని ఒకదాని క్రింద నొకటి వ్రాసి చివర కూడిక వేసి చూపినప్పుడును, అతని చూపు ఆ కూడికపై నిలువక, కాగితపు మూలను పెన్నుతో గీచియిచ్చిన నెల వాయిదాపైననే నిలుచును. టాప్ మోడలు తీసికొన్నచో నెలకు ఇంకొక 2 వేలే గదా యన్న మాట అందరికిని సుఖముగా వినబడును గాని, ఆ 2 వేలు 84 మారులు కట్టినచో 1,68,000 రూపాయలగునన్న సంగతి ఆ గదిలో నెవ్వరును ఉచ్చరింపరు.

లెక్కను కొంత దగ్గరగా చూతము. పది లక్షల అప్పును ఏటికి నూటికి 9 రూపాయల వడ్డీకి తెచ్చితిమనుకొందము. మూడేండ్లలో తీర్చినచో నెలకు 31,800 చొప్పున మొత్తము 11 లక్షల 45 వేలగును. అయిదేండ్లయినచో నెలకు 20,760 చొప్పున 12 లక్షల 45 వేలు. ఏడేండ్లకు సాగదీసినచో నెలకు 16,090 చొప్పున 13 లక్షల 51 వేలు. వాయిదా సగమునకు దిగినకొలది బండి చౌకైనట్లు మనసునకు తోచును. వాస్తవమున అది రెండు లక్షలకు పైగా ప్రియమైనది. వాయిదా జీతములో ఇమిడినదనుటకును బండి మన శక్తిలో నున్నదనుటకును ఉన్న అంతరమిది. గడువును చాచుకొలది ఎంతటి వస్తువైనను ఎంతటి జీతములోనైనను ఇమిడిపోవును గనుక, ఇమిడినదన్న మాట మన శక్తిని గూర్చి ఏమియు చెప్పజాలదు. అప్పు ఎన్నేండ్లు సాగునో దానిని మాత్రమే చెప్పును.

"బ్యాంకోళ్లే ఇస్తా ఉంటే నీకేం నాయనా కష్టం?" అని ఇండ్లలో పెద్దలు పిల్లలను ప్రోత్సహించుట నేను పలుమారులు వినియున్నాను. ఆ పెద్దల వాత్సల్యమును నేను శంకింపను. అయినను వారు బ్యాంకును కుటుంబ హితైషిగా నెంచుట పొరపాటని గట్టిగా చెప్పక తప్పదు. బ్యాంకు పరీక్షించునది మన జీతపు రసీదును, పూర్వపు అప్పులను తీర్చిన తీరును, ఇదివరకే కట్టుచున్న వాయిదాలను. ఆ పరీక్షకు ఫలము తన సొమ్ము తనకు తిరిగి వచ్చునా యన్న నిశ్చయము. తండ్రికి మోకాళ్ల శస్త్రచికిత్స ముందున్నదనిగాని, చెల్లెలి పెండ్లికి ఇంకను రెండేండ్లే గడువున్నదనిగాని, ఇంటి మిద్దె వానకు కారుచున్నదనిగాని అది యడుగదు. అడుగుట దాని పనియు గాదు. తన క్షేమమునకు మాత్రము అది కావలసినంత కట్టుదిట్టము చేసికొనును: ఆర్‌సీలో మన పేరుతో పాటు తన పేరును హైపాతికేషన్ క్రింద ఎక్కించుకొనును, అప్పు తీరి నిరభ్యంతర పత్రము చేతికి వచ్చి ఆ పేరు తొలగువరకు మనము ఆ బండిని స్వేచ్ఛగా అమ్ముకొనుటకైనను వీలుండదు. నూలును బయానాను ఆసామివద్ద తెచ్చుకొని మగ్గమెక్కిన గుడియాత్తపు నేతగానికి, తాను నేయు లుంగీ బయానా తీరువరకు తనది గాదని ఎవ్వరును చెప్పనక్కరలేదు; ఆ నేతగాని మనుమడు నేడు షోరూములో తాళపుచెవి పుచ్చుకొని ఫొటో తీయించుకొనునప్పుడు ఆ తెలివిని ఎందుకు మరచిపోవలెను?

ఇక బండి యను ఆస్తి ఎట్టి ఆస్తియో చూడవలెను. ఇన్సూరెన్సు కంపెనీలు బండి విలువను కట్టుటకు ఒక పట్టికను పాటించును: ఆరునెలల లోపుననే నూటికి 5, ఏడాది నిండులోపల 15, రెండవ యేట 20, మూడవ యేట 30, నాలుగవ యేట 40, అయిదవ యేట 50 వంతులు వెలలో తరుగును. అనగా ఏడేండ్ల అప్పు ఇంకను రెండేండ్లు మిగిలియుండగనే, బండి విలువ సగమైనదని అధికారికముగా ఒప్పుకొన్నట్లు. జీవితపన్ను సంగతి వేరు. అది కట్టిననాడే పోయిన ధనము. ఇన్సూరెన్సువారు బండి విలువ కట్టునప్పుడు దానిని లెక్కలోనికి తీసికొనరు. తమిళనాట 2023 నవంబరు నుండి ఈ పన్ను 5 లక్షల లోపు బండికి నూటికి 12, పది లక్షల లోపు 13, ఇరువది లక్షల లోపు 18, ఆ పైన 20 వంతులుగా నున్నది. ఇందలి మెట్లను మనవారు గమనింపరు. 9,90,000 రూపాయల బండికి పన్ను 1,28,700 రూపాయలు. కొంచెము మెరుగైన మోడలని 10,50,000 రూపాయల బండికి పోయినచో పన్ను 1,89,000 రూపాయలు. వెలలో 60 వేలు హెచ్చించుకొన్న పుణ్యమునకు పన్నులో మరియొక 60 వేల 300 హెచ్చినది. కొటేషనులో ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపువారు అరుదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుండి 18 వంతులకు తగ్గినప్పుడు, తగ్గిన వెలను ఇంటికి మిగులుగా దాచుకొనుటకు బదులు, అదే వాయిదాకు పెద్దబండి వచ్చునని సలహా చెప్పినవారిని ఈ పట్టణములలోనే వింటిని. వాయిదాతో కొలుచు అలవాటు మనకు ప్రభుత్వమిచ్చిన తగ్గింపును సైతము దక్కనీయదు.

కాబట్టి మొట్టమొదట తేల్చుకొనవలసినది దారి. గుడియాత్తములోని తెలుగు కుటుంబముల దారులు ఏవి? ఇంట తెలుగును అంగడిలో తమిళమును మాటలాడు ఈ కుటుంబములకు, 1911లో చిత్తూరు జిల్లా యేర్పడి ఉత్తరార్కాడునుండి తెలుగు తాలూకాలు వేరైపోయినను, బంధుత్వములు మాత్రము వేరుపడలేదు. పలమనేరు, చిత్తూరు, తిరుపతి వారికి పెండ్లి పేరంటములకు పోవు ఊళ్లు. వేలూరు 30 కిలోమీటర్లకు పైబడిన దూరము. బస్సులు రాత్రి పొద్దుపోవువరకు తిరుగును, బెంగుళూరు రైలుదారి ఊరి పొలిమేరననే పోవుచున్నది. ఉద్యోగి పిల్లలు ఊరిలో లేనప్పుడు తల్లిదండ్రులకు నెలకు రెండుమూడు వేలూరి ప్రయాణములు, ఏడాదికి కొన్ని పెండ్లిండ్లు, ఒకటి రెండు తిరుపతి యాత్రలు. ఉదారముగా లెక్కించినను సంవత్సరమునకు 6 వేల కిలోమీటర్లు దాటవు. అయిదేండ్లకు 30 వేలు.

పైన చెప్పిన 9,90,000 రూపాయల బండికే అయిదేండ్ల కర్చు చూడుడు. వెలలో సగము తరుగుదల 4,95,000, పన్ను 1,28,700, పది లక్షల అప్పుపై వడ్డీ 2,45,000 పైచిలుకు. మూడును కలిసి సుమారు 8 లక్షల 70 వేలు. 30 వేల కిలోమీటర్లకు పంచినచో కిలోమీటరునకు 29 రూపాయలు. పెట్రోలు నూరు రూపాయలకు 15 కిలోమీటర్లు పోవునని పెట్టుకొన్నను ఇంకొక 7 రూపాయలు. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు ఇందులో చేరలేదు. బాడుగకారువాడు కిలోమీటరునకు 20 రూపాయలు పుచ్చుకొన్నను, డ్రైవరు జీతము వానిదే, మరమ్మతు వానిదే. ఇదే కుటుంబము 4 లక్షలకు ఒక మంచి సెకండ్ హ్యాండు బండిని రొక్కమునకు కొని, అయిదేండ్లలో దానిపై 2 లక్షలు నష్టపడి, మరమ్మతులకు ఒక లక్ష వెచ్చించినను కిలోమీటరునకు పెట్రోలుతో కలిసి 17 రూపాయలు దాటదు. అటుపై చూడుడు: అదే కొత్త బండిని ప్రతిదినము వేలూరు, చిత్తూరు, పలమనేరు సంతలకు లుంగీ మూటలతో తిప్పు వర్తకుడు సంవత్సరమునకు 20 వేల కిలోమీటర్లు తిరిగినచో అరుగుదల కొంత హెచ్చినను పెట్రోలు గాక అతని కర్చు కిలోమీటరునకు 9 రూపాయల చుట్టుపట్లకు దిగును. జీతము ఎక్కువైన కొడుకునకు ఆ బండి దుబారా. ఆదాయము తక్కువైన వర్తకునకు అదే బండి పొదుపు. వార్షికాదాయములో సగము, నాల్గవ వంతు అని ఎచ్చటనో పుట్టిన సూత్రములను వల్లించువారికి కూడ ఇదియే జవాబు. వారి సూత్రము వాయిదా మాటకంటె కొంత మేలైనదే, ఎందుచేతననగా అది మొత్తము వెలను చూడుమనును. కాని ఆదాయము దారిని ఎరుగదు.

ప్రతిపక్షమువారి బలమైన వాదము వైద్యమును గూర్చినది. ముసలి తల్లిదండ్రులు గుడియాత్తములో నుండగా అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినచో వేలూరి సీఎంసీకి తీసికొనిపోవుటకు బండి యుండవలదా యని వారడుగుదురు. ఈ మాటలోని ఆర్ద్రతను నేను శిరసావహింతును. 1900లో ఐడా స్కడ్డరు ఒక్క మంచముతో ఆరంభించిన ఆ వైద్యశాల ఈ ప్రాంతపు తెలుగువారికి నాలుగు తరములుగా చివరి యాశ. చిత్తూరు నుండి, నెల్లూరు నుండి, కడప నుండి ఇప్పటికిని రోగులు అచ్చటికే వచ్చుచున్నారు. అయితే ఆ అర్ధరాత్రి ఇంటిలో బండి నడుపువారెవరు? కొడుకు బెంగుళూరులో నున్నాడు, తండ్రి మంచముపై నున్నాడు. వచ్చునది 108 వాహనమో, వీథి చివరి బాడుగకారో. పొరుగింటి కుఱ్ఱవాడు నడుపగలిగినచో 4 లక్షల బండియు 12 లక్షల బండియు వేలూరు చేరుటకు పట్టు కాలములో భేదము లేదు. చేరిన తరువాత కౌంటరువద్ద కట్టవలసినది రొక్కము. వాయిదాలకు జీతము నంతయు ఒప్పగించిన యింట ఆనాడు తాకట్టునకు పోవునది తల్లి మెడలోని బంగారము. తల్లిదండ్రుల ప్రాణముకొరకే ధనము వెచ్చింపదలచిన పుత్రుడు, బండిలో ఎనిమిది లక్షలు తగ్గించి ఆ ఎనిమిది లక్షలను వారి పేర బ్యాంకులో నిలువ వేయుటకంటె చేయగల మంచిపని నాకు తోచదు. ఈ పద్ధతియే వాడుకయైనచో ఈ పట్టణములలో ఎన్ని యిండ్లకు ఎంత నిశ్చింత కలుగునో!

బాడుగకారు పొలిమేర దాటి ఆంధ్రదేశమున ప్రవేశించినచో పర్మిట్టునకు వేరుగా కట్టవలెనన్న ఆక్షేపణ సరియైనదే. సంవత్సరమునకు నాలుగైదు మారులు అట్టి యదనపు కర్చు వచ్చును. దానికొరకు లక్షలు వెచ్చించుట కూడదని వేరుగా వివరింప నక్కరలేదు.

రెండవ వాదము గౌరవమునకు సంబంధించినది. చిన్నబండిలో దిగినచో పెండ్లిపందిట మర్యాద దక్కదనియు, సంబంధములు మాటలాడు వేళ వాకిట నిలిచిన బండిని చూచియే వియ్యాలవారు కుటుంబమును అంచనా కట్టుదురనియు చెప్పుదురు. 2008 జనవరి 10న ఢిల్లీలో ప్రదర్శింపబడి, లక్ష రూపాయల కారుగా లోకమంతట పేరుపొందిన టాటా నానోను జనము ఆదరింపకపోవుటను ఇందుకు సాక్ష్యముగా చూపుదురు. చౌక యన్న ముద్రయే దానిని చంపినదని రతన్ టాటాయే అంగీకరించెను గదా యందురు. అంగీకరించెను; అది అమ్మువాడు నేర్చుకొనవలసిన పాఠము. ఇతరులు చౌకయని నవ్వుదురన్న భయముతో కుటుంబములు స్కూటరుపైననే నలుగురుగా కూర్చుండి వానలో తడియుట మేలని ఎంచినచో, ఆ భయము తీసిన ప్రాణములను ఎవరు లెక్కవేయగలరు? వియ్యాలవారి మాటకు వచ్చినచో, బండిని చూచి పిల్లనిచ్చువారికి ఆ బండిపై ఎంత అప్పున్నదో తెలిసికొనుటకు ఎక్కువకాలము పట్టదు. ఆర్‌సీ చూచినచో చాలును. ఇంకొకటి కూడ గుడియాత్తమువారికి గుర్తు చేయవలసియున్నది. 1954లో ముఖ్యమంత్రియైన కామరాజును ఉపయెన్నికలో గెలిపించి శాసనసభకు పంపిన నియోజకవర్గము ఇదియే. తనకని ఆస్తి కూడబెట్టుకొనని ఆ మనుష్యుని పేరును ఈ ఊరివారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. గౌరవమిచ్చుటలో తమ పెద్దలు పాటించిన కొలత ఇంటింట జ్ఞాపకమున్నదే.

మూడవ వాదమునకు నేను తలయొగ్గుదును. దారిలో ప్రమాదము జరిగినప్పుడు ప్రాణరక్షణ నిచ్చు బండికి ఎక్కువ ధనము పెట్టవలెనని చెప్పువారు సత్యము చెప్పుచున్నారు. చెన్నై బెంగుళూరు జాతీయరహదారి వేలూరును ఒరసికొనియే పోవుచున్నది. రాత్రివేళ కంటెయినరు లారీల నడుమ పల్చని రేకుల బండిలో పిల్లలను కూర్చుండబెట్టుకొని పోవుట సాహసమే. 2023 అక్టోబరు 1 నుండి మనదేశమున భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష యేర్పడినది. దానియందు ఏ బండికి ఎన్ని నక్షత్రములు వచ్చినవో చూచి, ఆ నక్షత్రములకొరకు యాభై వేలో లక్షయో అధికముగా పెట్టువానిని నేను ఏ మాత్రమును నిందింపను. అయితే టాప్ మోడలునకు పోయినవారు ఆ యదనపు ధనముతో కొనునది ఏది? పైకప్పున తెరచుకొను అద్దము, పది అంగుళముల తెర, తోలును పోలిన సీట్లు, రంగురంగుల దీపములు. ఇవి యేవియు లారీ తగిలిననాడు అడ్డము రావు. రక్షణ పేరు చెప్పి విలాసమును కొనుట వేలూరి యెండలో మరియు శోచనీయము. ఆ పైకప్పు అద్దమును మార్చి మొదలు ఆగస్టు వరకు మూసియుంచక తప్పదు.

అట్లయిన ఎంత పెట్టవలెను? షోరూము గడప త్రొక్కకముందే, బ్యాంకువారిని కలిసికొనకముందే, ఇంటిలో భార్యాభర్తలు కూర్చుండి ఈ పని చేయవలెను. పోయిన సంవత్సరము బాడుగకార్లకు, బస్సులకు, రైళ్లకు ఎంత యిచ్చితిమో, ఎన్ని కిలోమీటర్లు తిరిగితిమో వ్రాసికొని, ఆ దారులకు తగిన బండి ఏదో నిర్ణయించుకొనవలెను. పిదప, ఆరునెలల ఇంటికర్చును, వైద్యమునకై ప్రత్యేకించిన నిలువను ముట్టక, మిగిలిన రొక్కములో ఎంత పోయినను ఇల్లు కదలదో అంతయే ఆ బండి వెలకు అవధియని గీత గీయవలెను. అప్పు తప్పనిసరియైనచో మూడేండ్లలో తీరునంత మాత్రమే తేవలెను. మూడేండ్ల వాయిదా భరింపరానిదైనచో ఆ బండి మనది గాదని అర్థము. సెకండ్ హ్యాండు బండి కొనునప్పుడు ఆర్‌సీలో పాత అప్పు తీరినదా, ఇన్సూరెన్సు క్లెయిములు ఎన్ని జరిగినవి, 2021 నవంబరున కౌండిన్యానదియు పాలారును పొంగినప్పటి నీటిలో ఆ బండి మునిగినదా యని తెలిసిన మెకానిక్కును తోడుకొనిపోయి చూపించుకొనవలెను; మెకానిక్కున కిచ్చు వెయ్యి రూపాయలు ఆ కొనుగోలులో అన్నిటికంటె సఫలమైన కర్చు.

ఇప్పటికే ఏడేండ్ల అప్పుతో కొన్నవారు ఈ వ్యాసము చదివి క్రుంగనక్కరలేదు. ఏటేటా బోనసు వచ్చినప్పుడు అసలులో కొంత ముందుగా కట్టుకొని గడువును తగ్గించుకొనవచ్చును. కట్టునప్పుడు వాయిదాను తగ్గింపవలదనియు, నెలలను తగ్గింపుమనియు బ్యాంకువారికి వ్రాసి యియ్యవలెను, లేనిచో వడ్డీలో లాభము తగ్గును. ముందుగా కట్టినందుకు రుసుము ఎంతయో ఒప్పందపత్రములో చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, అయిదవ యేట పాతబండిని ఇచ్చి కొత్తదానికి మారుమని వచ్చు ఫోనునకు లొంగకుండుట. జీవితపన్ను పదునైదేండ్లకు కట్టియున్నారు, రిజిస్ట్రేషను పదునైదేండ్లకు చెల్లును. వెలలో సగము తరుగుదలను మీరు అదివరకే భరించియున్నారు. అప్పు తీరిన ఎనిమిదవ యేటి నుండి పదునైదవ యేటి వరకు ఆ బండి తిరుగు ప్రతి కిలోమీటరునకును పెట్రోలు, ఇన్సూరెన్సు, మరమ్మతు మాత్రమే కర్చు.